వీడియో ఎడిటింగ్ నేర్చుకునే క్రమం: ఒకే జాతర ఫుటేజీ, మూడు సాఫ్ట్‌వేర్లు

మా కళాశాలలో జూనియర్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: “అన్నా, ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టమంటావు?” నేను కూడా రెండేళ్ల క్రితం ఇదే ప్రశ్నతో తిరుపతిలోని ఒక శిక్షణ సంస్థకు ఫీజు కట్టి, నాలుగు నెలల పాటు మెనూల పేర్లు కంఠస్థం చేసి, చివరకు మూడు నిమిషాల వీడియో ఒక్కటి కూడా సొంతంగా పూర్తి చేయలేక బయటికి వచ్చాను. పని తెలిసింది ఆ తరువాతే. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో నా ఫోనుతో తీసిన నలభై నిమిషాల ఫుటేజీని నాలుగు నిమిషాల వీడియోగా మొదట షాట్‌కట్‌లో, తరువాత డావిన్చీ రిజాల్వ్‌లో, చివరకు ప్రీమియర్ ప్రోలో, ప్రతిసారీ మొదటి నుంచి కూర్చాను. ఫుటేజీ మారకపోవడం వలన ఏది సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన విషయమో, ఏది ఎడిటింగ్‌కు సంబంధించిన విషయమో విడివిడిగా తెలిసివచ్చింది. అదే క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ఫుటేజీ, తరువాతే సాఫ్ట్‌వేర్

ఇంటర్నెట్‌లో దొరికే నమూనా క్లిప్పులతో నేర్చుకోవద్దు. అవి నిపుణులు తీసినవి కాబట్టి వాటిలో సరిదిద్దవలసిన లోపాలు ఉండవు, లోపాలు లేనిచోట మీకు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

మొదలు, నడుమ, ముగింపు స్పష్టంగా ఉన్న ఒక సంఘటనను ఎంచుకోండి. జాతర అందుకు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే చాటింపుతో మొదలై, భక్తులు కట్టే రోజుకొక వేషంతో సాగుతుంది. జాతర రోజులు కాకపోతే మీ వీధిలో కుమ్మరి పని, మామిడి మండీలో వేలం, ఇంట్లో అవ్వ అప్పడాలు ఒత్తడం వంటివి ఏవైనా చాలు. తిరుమల ఆలయంలోకి ఫోన్లు అనుమతించరు కాబట్టి ఆ ఆలోచన పెట్టుకోకుండా, అనుమతి అడిగి తీయగలిగిన చోటునే ఎంచుకోవడం మేలు.

తీసేటప్పుడు పాటించవలసినవి:

- ఫోనులో 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు అని పెట్టి, చివరి వరకు మార్చకండి.
- ప్రతి షాట్‌ను కదలకుండా కనీసం పది సెకన్లు పట్టుకోండి.
- తెర మీద కనిపించే ముఖంపై వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్‌ను (ఫోను తీసుకునే వెలుతురు మోతాదును) లాక్ చేయండి.
- రాత్రి వీధి దీపాల కింద షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని) సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర ఉంచండి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే కొన్ని దీపాల కింద చారలు మెదులుతాయి.
- మాట లేకుండా, ఆ చోటి శబ్దాన్ని మాత్రమే ఒక నిమిషం పాటు విడిగా రికార్డు చేయండి.
- వేషం కట్టిన వారిని ముందుగా అడగండి, పిల్లలైతే పెద్దవారిని అడగండి.

ఎక్స్‌పోజర్ లాక్ గురించి మరికొంత చెప్పాలి. బైరాగి వేషానికి ఒళ్లంతా నామాలు పెట్టుకునే తెల్లని నామకొమ్ము పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఫోను దృశ్యంలోని సగటు వెలుతురును చూసుకుని తన లెక్క తాను వేసుకుంటుంది. ఫ్రేము నిండా తెలుపు కనిపిస్తే చిత్రాన్ని చీకటి చేస్తుంది, నలుపు కనిపిస్తే అనవసరంగా వెలుతురు పెంచి చుక్కలు చుక్కలుగా చేస్తుంది. లాక్ చేయకుండా తీసిన నా మొదటి రోజు క్లిప్పులలో, వేషగాడు కెమెరాకు దగ్గరైన ప్రతిసారీ వెనుకనున్న వీధి చీకటి పడి, దూరమైన ప్రతిసారీ మళ్లీ తెల్లవారింది. ఇటువంటి దోషాన్ని సరిచేయడం అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ కష్టమే.

2. యంత్రం, డిస్కు, హెడ్‌ఫోన్

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. షాట్‌కట్‌కు అది చాలింది, రిజాల్వ్‌కు చాలక ఆపసోపాలు పడింది. రిజాల్వ్‌తో ఇబ్బంది లేకుండా పని చేయాలంటే 16 జీబీ ర్యామ్‌తో పాటు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండడం మంచిది.

స్థలం లెక్క ఇలా వేసుకోండి. 1080పీలో ఫోను వీడియో నిమిషానికి సుమారు 130 ఎంబీ అనుకుంటే నలభై నిమిషాలకు 5 జీబీ దాటుతుంది. మార్చిన ఫైళ్లు, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే చిన్న నకళ్లు), రెండర్లు (పూర్తయిన వీడియో ఫైళ్లు), బ్యాకప్ కలిపి దానికి నాలుగింతలు ఖాళీ పెట్టుకోండి.

చేతిలో కొద్దిపాటి డబ్బు ఉంటే ముందుగా చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, తరువాత ఎస్ఎస్‌డీ, ఆ తరువాత ర్యామ్ కొనండి. సాఫ్ట్‌వేర్‌కు మొదటి ఏడాదిలో ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనవసరం లేదు.

3. ఫోల్డర్లు: విసుగుగా ఉన్నా వదలకూడని పని

నేను ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లో ఉంచి అక్కడి నుంచే ఎడిట్ చేసి, రెండు రోజుల తరువాత పెన్‌డ్రైవ్‌ను స్నేహితుడికి ఇచ్చాను. మళ్లీ ప్రాజెక్టు తెరిస్తే, రిజాల్వ్ తెర మీద ప్రతి క్లిప్పు స్థానంలో ‘మీడియా ఆఫ్‌లైన్’ అన్న ఎర్రటి పలక వచ్చింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీ వీడియోను తనలో దాచుకోదు. ఆ ఫైలు ఏ చోట ఉంది, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వాడాలి అన్న వివరాన్ని మాత్రమే రాసుకుంటుంది. ఫైలు జరిగినా, దాని పేరు మారినా సాఫ్ట్‌వేర్‌కు దారి తప్పుతుంది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందే ఒక పెద్ద ఫోల్డర్ చేసి, అందులో ఇవి ఏర్పాటు చేసుకోండి:

- 01 అసలు ఫుటేజీ (దీన్ని ఎన్నడూ ముట్టుకోకూడదు)
- 02 మార్చిన ఫుటేజీ (ఎలా మార్చాలో 4వ భాగంలో ఉంది)
- 03 శబ్దాలు, సంగీతం
- 04 అక్షరాలు, బొమ్మలు
- 05 ప్రాజెక్టు ఫైళ్లు
- 06 రెండర్లు

క్లిప్పు పేరులో రోజు, వేషం, వరుస సంఖ్య మూడూ ఉండాలి: “రోజు2_బైరాగి_07” అన్నట్లుగా. పేర్లు పెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అసలు ఫుటేజీకి మరో డిస్కులో ఒక ప్రతి ఉండాలి, వీలైతే ఇంటి బయట ఇంకొక ప్రతి కూడా ఉండాలి.

ఇప్పటికే ఎర్ర పలక వచ్చి ఉంటే కంగారు పడకండి. ఫైళ్లను పాత పేర్లతోనే ఒకచోట చేర్చి, ‘రీలింక్’ ఆదేశంతో ఆ ఫోల్డర్‌ను చూపిస్తే చాలావరకు తిరిగి వస్తాయి.

4. ఫోను వీడియోను దారికి తేవడం

నా క్లిప్పులలో ఒక పెద్దాయన ఏడు నిమిషాల పాటు అమ్మవారి పాట పాడారు. మొదట్లో పెదవులూ పాటా కలిసే ఉన్నాయి, ఐదో నిమిషానికి పెదవులు ముందూ పాట వెనుకా అయిపోయాయి. తప్పు నాదే అనుకుని శబ్దాన్ని చేత్తో జరుపుతూ రెండు రాత్రులు గడిపాను.

కారణం ఇది: చాలా ఫోన్లు సెకనుకు కచ్చితంగా 30 ఫ్రేములు తీయవు. వెలుతురును బట్టీ, ప్రాసెసర్ మీద భారాన్ని బట్టీ ఒక సెకనులో 30, ఇంకొక సెకనులో 28 చొప్పున తీస్తాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ, అంటే టైమ్‌లైన్ మాత్రం అన్ని సెకన్లూ సమానమే అనుకుని లెక్క కడుతుంది కాబట్టి, క్లిప్పు ఎంత పొడవైతే తేడా అంత కనబడుతుంది.

సరిచేసే విధానం:

1. వీడియో ఫైళ్లను మార్చే, ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అన్న సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పును తెరవండి.
2. వీడియో విభాగంలో ఫ్రేమ్ రేటును 30 చేసి, ‘కాన్‌స్టంట్’ అన్నదాన్ని ఎంచుకోండి.
3. నాణ్యత సంఖ్యను 18 దగ్గర ఉంచండి. ఇక్కడ సంఖ్య తగ్గితే నాణ్యత పెరుగుతుంది, ఫైలు కూడా పెరుగుతుంది.
4. అన్ని క్లిప్పులనూ వరుసలో పెట్టి, రాత్రి ల్యాప్‌టాప్‌ను ఛార్జింగ్‌లో ఉంచి వదిలేయండి.
5. వచ్చిన ఫైళ్లను 02 ఫోల్డర్‌లో చేర్చి, ఇక ముందు వాటినే వాడండి.

షాట్‌కట్ అయితే ఇటువంటి ఫైలును తెరిచినప్పుడు తానే గుర్తించి, ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను చదవకుండా మూసివేసిన వారిలో నేనూ ఒకడిని.

5. మొదటి కూర్పు: షాట్‌కట్

షాట్‌కట్ ఉచితం, వాటర్‌మార్కు వేయదు, సాధారణ ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, అందులో కళ్లు చెదిరే హంగులు తక్కువ కాబట్టి మీ దృష్టి కట్ మీదే, అంటే ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారే చోటు మీదే నిలుస్తుంది. ఈ కూర్పులో ట్రాన్సిషన్లు, రంగులు, అక్షరాలు ఏవీ వద్దు.

మొదటి పని కాగితం మీద. ఫుటేజీ మొత్తాన్ని ఆపకుండా ఒకసారి చూసి, రెండవసారి చూస్తూ ప్రతి క్లిప్పుకూ ఒక వరుస రాయండి: “బైరాగి 07, నామకొమ్ము పూసుకుంటున్న చేతులు, 12వ సెకను నుంచి బాగుంది.” నలభై నిమిషాల ఫుటేజీకి ఈ పని రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలను మిగుల్చుకుందామనుకున్న ప్రతిసారీ నేను టైమ్‌లైన్ ముందు రెండు రోజులు పోగొట్టుకున్నాను.

ఆపైన క్రమం ఇది:

1. కొత్త ప్రాజెక్టులో వీడియో మోడ్‌ను 1080పీ, 30 ఫ్రేములుగా ఎంచుకోండి.
2. క్లిప్పును తెరిచి, ‘ఐ’ మీటతో మొదలు, ‘ఓ’ మీటతో చివర గుర్తించి, ‘ఏ’ మీటతో టైమ్‌లైన్ చివరకు చేర్చండి.
3. కాగితం మీది మంచి షాట్లన్నీ వచ్చేవరకు కోయకుండా చేరుస్తూ పోండి. నాకు పదకొండు నిమిషాలు వచ్చింది.
4. ఇప్పుడు వరుస మార్చండి.
5. ఆ తరువాతే కోయండి: ‘ఎస్’ మీట ముక్క చేస్తుంది, ‘ఎక్స్’ మీట ముక్కను తీసి ఖాళీని మూసేస్తుంది, ‘జెడ్’ మీట ముక్కను తీసి ఖాళీని అలాగే వదిలేస్తుంది.

కొత్తవారు తరచుగా తడబడేది ఈ చివరి రెండు మీటల మధ్యనే. శబ్దం వేరే ట్రాక్‌లో ఉన్నప్పుడు ‘ఎక్స్’ నొక్కితే వీడియో మాత్రమే ముందుకు జరిగి, ఆ చోటు నుంచి చివరి వరకు శబ్దం తప్పిపోవచ్చు. తప్పింది ఎక్కడో చివర కనబడుతుంది, కారణం మాత్రం ఎంతో వెనుక ఉంటుంది. అందుకే ప్రతి పది కోతలకూ ఒకసారి చివరికి వెళ్లి, పెదవులూ మాటా కలిసి ఉన్నాయో లేదో చూడండి.

కట్ ఎక్కడ పడాలి అన్నదానికి నేను పాటించేది ఒకటే: కదలిక మధ్యలో కోయాలి. నామకొమ్ము ముంచిన చేయి పైకి లేస్తుండగా దూరపు షాట్‌ను కోసి, అదే చేయి భుజాన్ని తాకే దగ్గరి షాట్‌కు వెళ్లాను. చేయి కదులుతున్నంత సేపూ చూసేవారి కన్ను చేతినే అనుసరిస్తుంది కాబట్టి, మధ్యలో కోత ఉందని వారికి తెలియదు. అదే చేయి ఆగిన తరువాత కోసినప్పుడు ప్రతి కోతా తడబాటులాగా కనిపించింది.

6. శబ్దం

జాతరలో పలకల (డప్పుల) మోత ఫోను మైక్‌కు మించిన పని. శబ్దం మీటర్‌లో గరిష్ఠమైన 0 డెసిబెల్స్‌ను తాకి పగిలిపోతే, తరువాత ఎంత తగ్గించినా ఆ పగులు పోదు, చిన్న పగులుగా మిగులుతుందంతే. నా ఫుటేజీలో పలకల పక్కనే నిలబడి తీసినవన్నీ వ్యర్థమయ్యాయి. వీధి చివర నుంచి విడిగా రికార్డు చేసిన ఒక నిమిషం మోత మాత్రం వీడియో అంతటా పనికి వచ్చింది.

శబ్దానికి వరుస:

- ముందుగా మాటలను సరిచేయండి. మీటర్‌లో అవి మైనస్ 12కూ మైనస్ 6కూ మధ్య ఆడాలి.
- పరిసర శబ్దాన్ని మాటల కింద ఒకే పొడవైన పట్టీగా పరచండి. కోత కోతకూ మారిపోయే వెనుక శబ్దాన్ని ఇది కప్పేస్తుంది.
- సంగీతం ఉంటే చివరగా చేర్చి, మాట వచ్చే చోట తగ్గించండి.
- ఏ శిఖరమూ 0ను తాకకూడదు.

తదుపరి షాట్ శబ్దం ముందుగా వినిపించి బొమ్మ తరువాత రావడాన్ని ‘జె కట్’ అనీ, బొమ్మ మారినా పాత శబ్దం కాసేపు కొనసాగడాన్ని ‘ఎల్ కట్’ అనీ అంటారు. పెద్దాయన ముఖం మీద ఉండగానే పలకల మోతను ఒక సెకను ముందుగా మొదలుపెట్టి, ఆ తరువాత వీధిని చూపించాను. డిజాల్వ్‌లు (ఒక బొమ్మ మరో బొమ్మలో కరిగిపోయే ట్రాన్సిషన్లు) ఎన్ని వేసినా కుదరని అతుకు దానితో కుదిరింది.

సంగీతం విషయంలో ఒక హెచ్చరిక. అన్నమయ్య 1408–1503 నాటి వారు కాబట్టి ఆయన కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు, కానీ మీరు డౌన్‌లోడ్ చేసిన రికార్డింగుపై దాన్ని తయారుచేసిన వారికి హక్కులు ఉంటాయి. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ ఆ రికార్డింగును గుర్తుపడుతుంది. మీ స్నేహితురాలి చేత పాడించి రికార్డు చేసుకుంటే ఆ బెడద ఉండదు.

7. రెండవ కూర్పు: డావిన్చీ రిజాల్వ్

ఉచిత వెర్షన్ చాలు. తెరవగానే కింద కనిపించే ఏడు పేజీలను చూసి బెదరకండి. మీకు కావలసినవి ఎడిట్, కలర్, డెలివర్ మూడే.

ముందుగా చేయవలసినవి:

- ఫుటేజీ చేర్చక ముందే ప్రాజెక్టు సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటును 30 చేయండి. క్లిప్పులు చేర్చిన తరువాత ఆ సంఖ్యను మార్చనివ్వదు. నేను 24లో వదిలేసి, సగం పని అయ్యాక మళ్లీ మొదటికి వచ్చాను.
- యంత్రం నిదానిస్తే ప్రాక్సీలు తయారు చేయించండి. అంటే చిన్న నకళ్లతో ఎడిట్ చేసి, రెండర్‌కు అసలు ఫైళ్లను వాడుకోవడం.
- రిజాల్వ్ ప్రాజెక్టులను మామూలు ఫైళ్లుగా కాక తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. రోజూ పని ముగియగానే ప్రాజెక్టును ఎక్స్‌పోర్ట్ చేసి 05 ఫోల్డర్‌లో పెట్టండి.

ఒకసారి కోసిన ఫుటేజీయే కాబట్టి కోతకు ఈసారి మూడోవంతు సమయమే పట్టింది. మిగిలిన సమయాన్ని రంగులకు కేటాయించండి.

రంగులు సరిదిద్దేటప్పుడు కంటిని కాక, వెలుతురునూ రంగులనూ గ్రాఫులుగా చూపే స్కోపులను నమ్మండి. వరుస ఎప్పుడూ ఇదే: వెలుతురు, తెలుపు సమతూకం, రంగు గాఢత, పక్క షాట్‌తో పోలిక, అన్నిటికన్నా చివర ‘లుక్’, అంటే వీడియో మొత్తానికి ఇచ్చే రంగుల తీరు. చాలామంది డౌన్‌లోడ్ చేసిన లుక్‌ను మొదట వేసి, ఆ తరువాత ముఖాలు ఎందుకు పచ్చబడ్డాయా అని వెతుకుతారు.

మూడు వేషాలు నాకు మూడు పాఠాలు చెప్పాయి. బైరాగి షాట్లలో వెలుతురును చూపే వేవ్‌ఫామ్ స్కోపు పైభాగం గీత గీసినట్లు దాని గరిష్ఠమైన 1023 దగ్గర చదునుగా ఉంటే, అక్కడ నామకొమ్ము గీతల వివరం పోయినట్లే. దాన్ని తగ్గిస్తే తెలుపు బూడిద రంగు అవుతుంది కానీ వివరం తిరిగి రాదు, కాబట్టి వేరే షాట్ వెతకాలి. బండ వేషంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా చూపే పెరేడ్ స్కోపు చూస్తే ఎరుపు ఒక్కటే పైకి తన్నుకుని ఉంటుంది. అక్కడ మొత్తం గాఢత తగ్గిస్తే వేపాకులు కూడా వాడిపోతాయి, అందుచేత ‘హ్యూ వర్సెస్ శాచురేషన్’ వక్రరేఖలో ఎరుపును మాత్రమే కిందికి లాగాలి. తోటి వేషంలో ఫోను నలుపును బూడిదగా ఎత్తేసింది. చీకటి భాగాలను సవరించే ‘లిఫ్ట్’ను దించగానే బొగ్గు మళ్లీ బొగ్గులా కనిపించింది, చుక్కలు కూడా చాలావరకు అణిగాయి. చుక్కలను తగ్గించే నాయిస్ రిడక్షన్ వాడదామనుకుంటే అది చెల్లింపు వెర్షన్‌లోనిది, ఉచిత వెర్షన్‌లో వేస్తే చిత్రం మీద వాటర్‌మార్కు పడుతుంది.

8. మూడవ కూర్పు: ప్రీమియర్ ప్రో

ఇది చందా కట్టి వాడేది. కళాశాల ల్యాబులో ఉంటే అక్కడే నేర్చుకోండి. పగులగొట్టిన కాపీల జోలికి పోవద్దు, వాటితో పాటు వచ్చే వైరస్ మీ 01 ఫోల్డర్‌ను కూడా వదలదు.

ఇక్కడికి వచ్చేసరికి కొత్తగా నేర్చుకోవలసినవి మీటలు మాత్రమే. ‘జె’, ‘కె’, ‘ఎల్’ మీటలతో వెనక్కు, ఆపు, ముందుకు అన్నవి, ‘ఐ’, ‘ఓ’ గుర్తులు మూడింటిలోనూ ఒకటే. తేడాలు ఇవి:

- ముక్క చేయడం: షాట్‌కట్‌లో ‘ఎస్’, రిజాల్వ్‌లో కంట్రోల్‌తో ‘బి’, ప్రీమియర్‌లో కంట్రోల్‌తో ‘కె’.
- తీసి ఖాళీ మూయడం: షాట్‌కట్‌లో ‘ఎక్స్’, రిజాల్వ్‌లో ‘డిలీట్’, ప్రీమియర్‌లో షిఫ్ట్‌తో ‘డిలీట్’.
- తీసి ఖాళీ వదలడం: షాట్‌కట్‌లో ‘జెడ్’, రిజాల్వ్‌లో ‘బ్యాక్‌స్పేస్’, ప్రీమియర్‌లో ‘డిలీట్’.

రిజాల్వ్‌కు అలవాటు పడిన చేయి ప్రీమియర్‌లో ‘డిలీట్’ నొక్కి, టైమ్‌లైన్ నిండా నల్లటి ఖాళీలు వదులుతుంది. ఒక వారం పాటు ఈ మూడు వరుసలను చీటీ మీద రాసి తెర పక్కన అంటించుకోండి.

9. తెలుగు అక్షరాలు

అక్షరాలు వేయడానికి ముందు “శ్రీకాళహస్తి, స్వర్ణముఖి, జ్యోత్స్న” అని టైపు చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కకు వస్తే ఆ టైటిల్ పనిముట్టు తెలుగుకు సిద్ధంగా లేదని అర్థం. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో దక్షిణాసియా లిపులకు చెందిన టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకుంటే సర్దుకుంటుంది. ఎక్కడా కుదరకపోతే బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు వేసి, నేపథ్యం లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి టైమ్‌లైన్ మీద పెట్టండి. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

10. రెండర్, చివరి పరీక్ష

ఫార్మాట్ ఎంపీ4, కోడెక్ హెచ్.264, పరిమాణం 1920 బై 1080, ఫ్రేములు 30, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్. ఈ కొలతకు యూట్యూబ్ సూచించే బిట్‌రేటు (సెకనుకు వాడే డేటా) 8 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 8 మెగాబిట్లు. జాతరలో జనమూ కదలికా ఎక్కువ కాబట్టి నేను 16 పెట్టాను, నాలుగు నిమిషాలకు సుమారు 480 ఎంబీ అయింది.

రెండరైన ఫైలును ఇలా పరీక్షించండి:

- ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాకుండా, మామూలు ప్లేయర్‌లో మొదటి నుంచి చివరి వరకు చూడండి.
- ఫోను స్పీకర్‌లో ఒకసారి వినండి, మాట అర్థమవుతోందా?
- మధ్యలో ఒక్క నల్ల ఫ్రేము కూడా మెరవకూడదు.
- విషయం తెలిసిన ఒకరికి చూపించండి.

ఈ ఆఖరిది లాంఛనం కాదు. పాట పాడిన పెద్దాయనకు నా రెండవ కూర్పు చూపిస్తే, రెండో నిమిషంలోనే వేలు పెట్టి ఆపించి, “ఇది తోటి వేషం గదా నాయనా, బండ వేషం కాడ పెట్టినావే” అన్నారు. చీకట్లో తీసిన ఆ షాట్‌లో కుంకుమకూ బొగ్గుకూ తేడా నాకు తెలియలేదు. పేరు పెట్టేటప్పుడే తప్పు రాశాను, అదే తప్పు షాట్‌కట్ నుంచి రిజాల్వ్‌కు కూడా వచ్చింది.

అలా చూసిపెట్టే వారికి వీడియోను వాట్సాప్‌లో పంపేటప్పుడు గ్యాలరీ నుంచి కాక ‘డాక్యుమెంట్’గా జతచేసి పంపండి, లేకపోతే వాట్సాప్ దాన్ని కుదించి, మీరు సరిదిద్దిన తెలుపునూ నలుపునూ మళ్లీ అలుక్కుపోయేలా చేస్తుంది.